ఫిట్స్ లేని మనిషికి ఫిట్స్ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మాది పుంగనూరు దగ్గర పల్లె. మా ఆయనకు 41 ఏళ్లు. రెండేళ్ల కింద మామిడికాయలు కోస్తా కొమ్మ విరిగి కింద పడినాడు. వీపులో డి10 అనే వెన్నుపూస విరిగి వెన్నుపాము దెబ్బతినిందని ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. బొడ్డు కింద నుంచి కదలికా లేదు, స్పర్శా లేదు. కానీ రాత్రయితే అరికాళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయంటాడు. దానికి ప్రెగబాలిన్ 75 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చారు. కాళ్లు బిగుసుకుపోకుండా బాక్లోఫెన్ 10 మూడు పూటలా. పోయిన నెల మందుల షాపులో కొత్తగా చేరిన అబ్బాయి చీటీ చూసి "ఇది ఫిట్స్‌కి ఇచ్చే మాత్ర కదా, ఆయనకు ఫిట్స్ వస్తాయా?" అన్నాడు. మా అత్త భయపడి ప్రెగబాలిన్ ఆపించేసింది. మూడు రోజులు నిద్ర లేదు, ఒకటే చెమటలు, కడుపులో తిప్పడం. మళ్లీ మొదలుపెడితే సర్దుకున్నాడు. కానీ పగలు కూడా మత్తుగా ఉంటాడు, పాదాలు వాచినాయి. "స్పర్శే లేని కాళ్లకు మంటేంది, మాత్రలకు అలవాటుపడి చెప్తా ఉండాడు" అంటుంది అత్త. పక్కింటి పిల్లాడికి నిజంగానే ఫిట్స్, వాడివి వేరే మాత్రలు, మత్తు కూడా లేదంట. అవి మంచివేమో? ఇవి వాడాలా, మానాలా? కిడ్నీలు పోతాయని కూడా అంటున్నారు. మా పేర్లు వేయొద్దండి.

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారి మాటకే జవాబు చెప్తాను, ఎందుకంటే మందు సంగతి కంటే అదే మీ ఆయనను ఎక్కువ బాధపెడుతూ ఉండొచ్చు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. స్పర్శ లేకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. కాలు తీసేసిన వాళ్లు కూడా లేని బొటనవేలు పీకుతోందని చెప్తారు, అది ప్రపంచంలో ప్రతి డాక్టరుకీ తెలిసిన విషయమే. పాదం నుంచి కబురు పైకి రావడం ఆగిపోయింది గానీ, ఆ పాదం కోసం వెన్నుపాములోనూ మెదడులోనూ ఉన్న నరాలు అలాగే ఉన్నాయి. తెగిన కరెంటు తీగ చివర చిటపటలాడినట్టు, దెబ్బతిన్న చోట అవి కారణం లేకుండానే సిగ్నళ్లు పంపిస్తాయి, మెదడు వాటిని "అరికాలు మండుతోంది" అని చదువుకుంటుంది. వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లలో చాలామందికి ఈ నొప్పి ఏదో ఒక దశలో వస్తుంది. మంట, షాకు కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, మంచు మీద నిలబడినట్టు, ఇలా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. రాత్రిపూట ఎక్కువవుతుందనీ చాలామంది అంటారు, ధ్యాస మళ్లించే పని అప్పుడేమీ ఉండదు కదా.

ఇప్పుడు ఫిట్స్ మాత్ర సంగతి. షాపు అబ్బాయి చెప్పింది తప్పేమీ కాదు, సగమే చెప్పాడు. ఫిట్స్ అంటే మెదడులో నరాలు హద్దు మీరి ఒక్కసారిగా సిగ్నళ్లు పంపడం. నరాల నొప్పిలోనూ అలాంటి గోలే, చోటు వేరు. ప్రెగబాలిన్, దాని అన్నలాంటి గాబాపెంటిన్ ఈ రెండూ నరం చివర కాల్షియం లోపలికి వెళ్లే ద్వారాలకు అతుక్కుని ఆ సిగ్నళ్ల జోరు తగ్గిస్తాయి. గాబాపెంటిన్ 1993లో అమెరికాలో ఫిట్స్ మందుగానే అనుమతి పొందింది, నరాల నొప్పికి వాడకం ఆ తర్వాత పెరిగింది. ప్రెగబాలిన్‌కైతే 2012లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా వెన్నుపాము గాయం వల్ల వచ్చే నరాల నొప్పికే అనుమతి ఇచ్చింది. అంటే మీ డాక్టరు మీ ఆయన మీద ఏదో ప్రయోగం చేయలేదు, ఈ జబ్బుకు అందరూ మొదట రాసే మందే రాశారు. రోజుకు రెండు 75లు అంటే మొదలుపెట్టే డోసు, పెద్ద డోసేమీ కాదు.

పక్కింటి పిల్లాడి మాత్రల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఫిట్స్ మాత్రలన్నీ ఒకటి కాదు. లెవెటిరాసిటామ్ అని ఈ మధ్య ఫిట్స్‌కు బాగా రాస్తున్నారు, దాన్ని వెన్నుపాము నొప్పి ఉన్నవాళ్లకు ఇచ్చి పరీక్షిస్తే మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. వాల్‌ప్రోయేట్ సంగతీ అంతే. ఫెనిటాయిన్, అదే మనవాళ్లు ఎప్టాయిన్ అంటారే, అదీ కార్బమజపీన్ కూడా ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ డి తగ్గించి ఎముకల్ని గుల్ల చేస్తాయి. నిలబడని కాళ్ల ఎముకలు అసలే పలచబడి ఉంటాయి, మంచం మీద అటు తిప్పుతుంటేనే తొడ ఎముక విరిగినవాళ్లు ఉన్నారు. అలాంటి కాళ్లకు అవి ఇంకో దెబ్బ. ఇదే చదువుతున్న వేరే ఎవరికైనా పడినప్పుడు తలకూ దెబ్బ తగిలి నిజంగానే ఫిట్స్ వస్తుంటే, లేదా కాళ్లు పడిపోవడానికి కారణం మెదడులోనే ఉంటే, వాళ్ల ఫిట్స్ మందు వాళ్లకు తప్పనిసరి. ఎముకల భయంతో దాన్ని ఆపకూడదు, డాక్టరుతో విటమిన్ డి పరీక్ష గురించి మాట్లాడాలి, అంతే.

ఇక ఆపేసిన ఆ మూడు రోజులు. చెమటలు, నిద్రలేమి, వికారం, అవన్నీ మందు ఒక్కసారిగా ఆపినందుకు వచ్చినవి. ఇది "అలవాటుపడ్డాడు" అనడానికి రుజువు కాదమ్మా. మత్తు కోసం మింగేవాడు రోజురోజుకూ డోసు పెంచుకుంటాడు, షాపులు మారుస్తాడు. మీ ఆయన రెండేళ్లుగా రాసిచ్చిన రెండే వేసుకుంటున్నాడు. ఒళ్లు మందుకు సర్దుకుని ఉంది కాబట్టి ఒక్కసారిగా లాగేస్తే ఎదురు తిరిగింది. జీవితంలో ఎప్పుడూ ఫిట్స్ రాని మనిషికి కూడా ఇలా ఆపితే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది, అదీ చూడండి తమాషా. మానాలంటే డాక్టరు చెప్పినట్టు కనీసం వారం పైన పట్టేలా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయకండి.

మీ అత్తగారు ఆపించింది ప్రెగబాలిన్ ఒక్కటే, అది కొంత అదృష్టం. బాక్లోఫెన్‌ను అలా ఆపి ఉంటే ఇంకా ప్రమాదం. విపరీతమైన జ్వరం, కాళ్లు కొయ్యబారిపోయేంత బిగుసుకోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్, కొందరిని ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. తిరుమలకో, ఊరికో పోయేటప్పుడు సంచిలో నాలుగు రోజుల మాత్రలు ఎక్కువగానే పెట్టుకోండి.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. ఈ మందు ఇచ్చే ఇబ్బందులు నడిచే మనిషికి ఒక రకం, కూర్చున్న చోటే ఉండే మనిషికి ఇంకో రకం. చీటీ మీద రెండూ ఒకేలా ఉంటాయి, డాక్టరు దగ్గర ఉండే ఐదు నిమిషాల్లో ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు.

మత్తు తీసుకోండి. షుగరు వల్ల పాదాలు మండి ఇదే మాత్ర వేసుకునే మనిషికి మత్తు వస్తే కుర్చీలో కునుకు తీస్తాడు, కాసేపటికి పిర్ర నొప్పెట్టి తనకు తెలియకుండానే పక్కకు జరుగుతాడు. మీ ఆయనకు ఆ నొప్పి తెలియదు. వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో చేతుల మీద బరువు వేసి పైకి లేవడమో, ముందుకు వంగడమో, పక్కకు ఒరగడమో చేయాలని నేర్పించే ఉంటారు. ఊరికే ఒకసారి లేచి కూర్చుంటే సరిపోదు, రక్తం మళ్లీ ఆడటానికి ఒకటి రెండు నిమిషాలు ఆ బరువు తీసేయాలి. మత్తులో ఉన్న మనిషి ఇదే మర్చిపోతాడు. మధ్యాహ్నం సంగటి తిని, మాత్ర మత్తులో, రెండు గంటలు టీవీ ముందు తల వాల్చేశాడనుకోండి, పిర్రల కింద ఎముక ఒరుసుకునే చోట చర్మం లోపల నుంచే చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి ఎర్రటి మచ్చే కనిపిస్తుంది. ఆ మచ్చను వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, తెల్లబడకుండా అలాగే ఉంటే అది పుండు మొదలైనట్టే. ఆయన రంగు నల్లగా ఉంటే ఎరుపు తెలియదు, చుట్టుపక్కల చర్మం కంటే వెచ్చగా, గట్టిగా ఉందేమో చేత్తో చూడాలి. రోజూ రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే చూడండి. ఆయనే చూసుకోవాలంటే ఒక చేతి అద్దం చాలు. అలాంటి మచ్చ కనిపిస్తే ఆ చోట మీద బరువు పూర్తిగా తీసేసి, తగ్గేదాకా కూర్చోబెట్టకండి.

ఫోనులో పావుగంటకోసారి అలారం పెట్టండి, పిల్లలుంటే వాళ్లకు ఆ డ్యూటీ ఇవ్వండి, సంతోషంగా చేస్తారు. మత్తు మొదటి కొన్ని వారాల్లో ఉండి తగ్గడం మామూలు, రెండేళ్ల తర్వాత కూడా ఉందంటే మాత్రం ప్రెగబాలిన్, బాక్లోఫెన్ కలిసి చేస్తున్న పని అయి ఉండొచ్చు, మోతాదు ఏ పూటకు ఎంత అన్నది మార్చి చూడొచ్చు. అది డాక్టరే చేయాలి. ఇంకోటి, స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవండి. మన దగ్గర ప్రెగబాలిన్‌ను చాలాసార్లు మిథైల్‌కోబాలమిన్ అనే విటమినో, నార్‌ట్రిప్టిలిన్ అనే ఇంకో మందో కలిపి అమ్ముతారు. విటమిన్ పర్వాలేదు. నార్‌ట్రిప్టిలిన్ ఉంటే మత్తు ఎక్కువవుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, మూత్రం ఇంకా బిగబడుతుంది. మూత్రం, విరేచనం ఇప్పటికే కష్టంగా ఉన్న మనిషికి ఆ తేడా చాలా పెద్దది.

అడగకూడదు గానీ అడుగుతున్నాను, మీ ఆయన నిద్ర కోసం రాత్రి ఒక పెగ్గు వేయడం గానీ, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు తెప్పించుకోవడం గానీ ఉందా? ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ప్రెగబాలిన్, గాబాపెంటిన్‌లకు మత్తిచ్చే మాత్రలో, తాగే మందో కలిస్తే ఊపిరి నెమ్మదించి ఆగేదాకా పోవచ్చని 2019 చివర్లో అమెరికా సంస్థ హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆయన ఇప్పటికే బాక్లోఫెన్ మీద ఉన్నాడు, ఇంక దాని మీద ఏదీ చేర్చకండి. గట్టిగా గురక పెడుతూ పిలిచినా పలకకపోతే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

వాపు. ప్రెగబాలిన్ వల్ల పాదాలు వాయడం నిజమే, మామూలే. రోజంతా కాళ్లు వేలాడేసి కూర్చునే వాళ్లకు ఇంకాస్త ఎక్కువ. ఆ వాపు రెండు కాళ్లకూ దాదాపు సమానంగా ఉంటుంది, సాయంత్రానికి పెరుగుతుంది, కాళ్లు ఎత్తులో పెట్టి పడుకుంటే పొద్దునకి తగ్గుతుంది. ఒకే కాలు వాచిందంటే అది మందు పని కాదు, అనుమానించాల్సింది పిక్కలో రక్తం గడ్డకట్టడాన్ని, లేదా మనకు తెలియకుండా విరిగిన ఎముకను. మామూలు మనిషైతే కుయ్యోమంటూ ఆసుపత్రికి పరిగెత్తేంత నొప్పి ఉంటుంది, మీ ఆయనకు అదీ తెలియదు. అందుకని మీ చేతిలో టేపు ఉండాలి. టైలర్ టేపు తీసుకుని మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బుగా తగిలే చోటు నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ పిక్క చుట్టుకొలత చూడండి, రెండు కాళ్లకూ. ఒకే చోట, ఒకే వేళ, వారానికోసారి రాసి పెట్టుకోండి. రెండింటి మధ్య 3 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే, లేదా ఒక కాలు వేడిగా, ఎర్రగా ఉంటే, మర్దన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి అంటే అసలు ఆగకండి.

మంట ఉందని కాళ్లకు వేడినీళ్ల బ్యాగు, వేడి ఇటుక కాపడం పెట్టే వాళ్లుంటారు, అదీ వద్దు. కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాక చూస్తాం. ఐసు గడ్డలూ అంతే. ఎండాకాలంలో బండి రేకు మీద, సిమెంటు గట్టు మీద కూర్చోబెట్టినా కాలిపోతుంది.

కిడ్నీల గురించి మీరు విన్నది తలకిందులుగా విన్నారు. ప్రెగబాలిన్ కిడ్నీలను పాడుచేసే మందు కాదు, అది దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగా లేకపోతే మందు ఒంట్లోనే నిలిచి పేరుకుంటుంది, మత్తు పెరుగుతుంది, ఉన్నట్టుండి చేతులు ఉలికిపడతాయి, మాట తడబడుతుంది. వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లకు కిడ్నీల ముప్పు వచ్చేది మూత్రం నిలిచిపోవడం వల్ల, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ల వల్ల. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది డాక్టర్లకూ తొందరలో గుర్తుండదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కాళ్ల కండలు కరిగిపోయిన మనిషికి ఆ నంబరు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నా రిపోర్టు నార్మల్ అనే వస్తుంది. అందుకే "క్రియాటినిన్ 0.9, అంతా బాగుంది" అంటే తృప్తిపడకుండా, సిస్టాటిన్ సి అనే పరీక్ష గానీ, ఇరవైనాలుగు గంటల మూత్రం పరీక్ష గానీ అవసరమా అని అడగండి. ఏడాదికోసారి పొట్ట స్కానింగ్ ఎలాగూ చేయించాలి.

మంట ఒక్కసారిగా పెరిగితే మాత్ర పెంచమని అడిగే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మూత్రం కంపు కొడుతోందా, మడ్డిగా ఉందా, పైపు మూసుకుపోయిందా, విరేచనమై ఎన్ని రోజులైంది, ఎక్కడైనా పుండు పడిందా, కాలి గోరు కండలోకి దిగిందా. బొడ్డు కింద ఏ ఇబ్బంది ఉన్నా ఆయనకు అది మంట రూపంలోనో, కాళ్లు కొట్టుకోవడం రూపంలోనో తెలియొచ్చు. మూలం వదిలేసి మాత్ర పెంచితే మత్తే పెరుగుతుంది. ఛాతీ పైభాగం లేదా మెడ దగ్గర, అంటే డి6 గానీ దానికి పైన గానీ దెబ్బతిన్న వాళ్లకైతే ఇవే కారణాలతో బీపీ ప్రాణం మీదకు వచ్చేంత పెరుగుతుంది, మీ ఆయనది డి10 కాబట్టి ఆ భయం లేదు.

మరి ఈ మాత్ర మంటను ఎంత తగ్గించాలి? సున్నా చేయాలని ఆశిస్తే నిరాశే. పదికి ఎనిమిది ఉన్న మంట ఐదుకు దిగి, రాత్రి నాలుగైదు గంటలు నిద్ర పట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే. సరైన డోసులో ఓ రెండు నెలలు వాడినా ఏ తేడా లేకపోతే దాన్నే పట్టుకు వేలాడాల్సిన పనీ లేదు, మెల్లగా తీసేసి గాబాపెంటిన్‌కో, వేరే రకం మందుకో మారొచ్చు. మీ ఆయనకు పనిచేస్తోందని నా అంచనా, ఆపిన మూడు రాత్రులూ నిద్ర లేకపోవడంలో మంట వాటా ఎంతో ఆయన్నే అడగండి. గాబాపెంటిన్‌కు మారితే గుర్తుంచుకోండి, గ్యాసుకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌కూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఖర్చు భారంగా ఉంటే జన ఔషధి షాపులో అడగండి, అదే మందు తక్కువ ధరకు వస్తుంది.

మనసు సంగతి కూడా చూడండి. ఫిట్స్ మందులన్నిటి మీదా, ఇది కూడా కలుపుకుని, కొందరిలో చనిపోవాలనే ఆలోచనలు రావచ్చనే హెచ్చరిక 2008 నుంచి ఉంది. అరుదే. కానీ చెట్టెక్కి కాయలు కోసిన మనిషి రెండేళ్లుగా వీల్‌చైర్‌లో ఉండి, పైగా కన్నతల్లే "నాటకం" అంటుంటే, ఏది మందు వల్ల, ఏది బతుకు వల్ల అని తూకం వేయలేం. మాట తగ్గినా, తిండి తగ్గినా, "నా పీడ వదిలిపోతే బాగుండు" అన్నా తేలిగ్గా తీసుకోకండి. టెలి మానస్ 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు.

తిరుపతికి వస్తే స్విమ్స్‌లో న్యూరాలజీ ఉంది, టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది. రాయవేలూరు పోగలిగితే సీఎంసీ వాళ్ల పునరావాస కేంద్రం బాగాయంలో ఉంది, 1966 నుంచి నడుస్తోంది. దాని వెనక ఉన్న డాక్టర్ మేరీ వర్గీస్ కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేసిన మనిషి. మీ ఆయనకు ఈ సంగతి చెప్పండి, ఊరికే.

మన వైపు మామిడి తోటల్లో ఈ ప్రమాదాలు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి కాబట్టి మిగతా పాఠకులకు ఒక మాట. చెట్టు మీద నుంచి పడ్డ మనిషిని చూడగానే "పుత్తూరు కట్టుకు తీసుకుపోదాం" అంటారు. చెయ్యో కాలో అయితే అది వాళ్ల ఇష్టం. నడుము, మెడ అయితే మాత్రం లేపి కూర్చోబెట్టకుండా, ఆటోలో వంచి కుక్కకుండా, గట్టి పలక మీద పడుకోబెట్టి పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి.

అమ్మా, ప్రస్తుతానికి మాత్రలు రాసినట్టే వేయండి, వాపు, మత్తు రెండూ ఉన్నాయి కాబట్టి నెల చెకప్ దాకా ఆగకుండా ఈ వారంలోనే డాక్టరును కలవండి. పోయేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ, బీపీకో గ్యాసుకో వేసుకునేవి కూడా, ఒక కవర్లో వేసుకుని పొండి. పిక్కల కొలతలు రాసుకున్న కాగితం, రాత్రి మంట పదికి ఎంత అని వారం రోజులు ఆయన చెప్పిన నంబర్లు కూడా తీసుకెళ్లండి. వీలైతే మీ అత్తగారినీ వెంట తీసుకుపోండి, స్పర్శ లేని కాలికి మంట ఎలా వస్తుందో డాక్టరు నోటితో వింటే నమ్ముతారు.